ఫ్రీజర్ గది తలుపు

తలుపు తెరుచుకోకపోతే భుజంతో గుద్దడం తప్ప బాబావలికి ఇంకో ఉపాయం తెలియదు. ఇప్పుడూ అదే చేస్తున్నాడు, పాపం!

రియాద్‌లో అతనూ పెళ్లాం మేరాజ్ బేగమూ నడిపే మెస్ వెనక ఫ్రీజర్ గది అది. పెళ్లి ఆర్డరుకు వండిన కూర, రెండు పెద్ద డేక్చాలు, పొగలు కక్కుతుండగానే లోపలికి మోసుకొచ్చారు. చల్లదనం పోతుందని తలుపు మూసింది కూడా ఆ మహానుభావుడే. డేక్చాలు సర్ది వెనక్కి తిరిగితే తలుపు రాదు! గడియ తిరుగుతోంది గానీ తలుపు కదలదు. పనివాళ్లంతా తినేసి గదులకు పోయారు. లోపల ఫోన్లకు సిగ్నల్ అందదు.

"తొయ్యవయ్యా! తిన్న తిండంతా యాడికి పోయింది?" అంది మేరాజ్ బేగం.

"తోస్తానే ఉండా కదమే! అవతల దున్నపోతు ఆనుకోని నిలబడినట్టుంది."

ఆమె కూడా వీపు ఆనించి తోసింది. కాళ్ల వేళ్లు అప్పుడే మొద్దుబారిపోతున్నాయి. కడపలో కూతురు ఆసిఫాకు నెలలు నిండాయి, తొలి కాన్పు. కాన్పుకు పోయి వచ్చేందుకు ఎగ్జిట్ రీ-ఎంట్రీ వీసా కొట్టమని మేరాజ్ ఎన్నాళ్లుగానో మొగుణ్ణి బతిమాలుతోంది. ఆమె వీసా అతని నివాస పర్మిట్ ఇఖామా కింద ఉంది, అతను ఫోన్‌లో నొక్కితే గానీ ఆమె దేశం దాటలేదు. అతనేమో మొన్న రంజాన్ అన్నాడు, నిన్న పెళ్లిళ్ల సీజన్ అన్నాడు.

"నేనీడ్నే సచ్చిపోతే నా బిడ్డ పక్కన ఎవురుంటారయ్యా?" అని భోరుమంది.

ఏడుస్తూనే వేడి కోసం డేక్చా మూత మీద చేతులు పెట్టింది. పెట్టి, ఠక్కున ఏడుపు ఆపేసింది. వేడి గిన్నె మీద మూత బిగించి చల్లారనిస్తే అది అంటుకుపోతుంది. ఎంత లాగినా రాదు. అంచు కింద గరిటె కాడ దూర్చి కాస్త గాలి పోనిస్తే దానంతటదే వచ్చేస్తుంది.

"లోపలి వేడిగాలి సల్లబడి కుంచించుకపోయింది. బయటి గాలి తలుపును అదుముతాంది. గాలి లోపలికి రావాల. గోడకు ఒక బొక్క ఉన్నె కదా, యాడుందది?"

బాబావలి డేక్చాల వెనక గోడ చూపించాడు. "మూసేసినా మే. సల్లదనమంతా దాన్నుంచే పోతాందని..."

"నీ తెలివి తెల్లారినట్టే ఉంది!"

అతని పాత బనియనే ఆ బొక్కలో కుక్కి ఉంది, మంచు పట్టి చెక్కలా బిగుసుకుపోయింది. మేరాజ్ డేక్చా మీదున్న గరిటె అందుకుని, దాని కాడతో పొడిచి పొడిచి, గోళ్లు విరుగుతున్నా లెక్క చేయకుండా దాన్ని పెరికింది. గాలి ఈల వేస్తూ లోపలికి వచ్చింది. ఈసారి ఆమె అరచేత్తో తోయగానే తలుపు తెరుచుకుంది.

ఇద్దరూ పోయి ఎండలో కూలబడ్డారు. వణుకు తగ్గాక అతను మెల్లగా అన్నాడు: "ఎవురికీ చెప్పొద్దు మే, నవ్వుతారు."

ఆమె అతని జేబులోంచి ఫోన్ తీసి అతని ఒళ్లోనే పెట్టింది. "ఎగ్జిట్ కొట్టు."

"వేళ్లు పని చెయ్యడంల్యా. సీజన్ అయిపోయినంక..."

"ఆ బొక్క మూసినట్టే నన్నూ ఈడ మూసి పెట్టినావు. నాకు ఊపిరాడ్డంల్యా అయ్యా!"

అతను ఫోన్ అందుకున్నాడు గానీ వేళ్లు వంగలేదు. మేరాజ్ ఆ చేతులను తన చేతుల్లోకి తీసుకుని, నోటితో ఊదుతూ రుద్దసాగింది. వేళ్లు కదిలాయి. అతను నొక్కాడు. నొక్కాక కూడా, వీసా వచ్చిందని మెసేజ్ మోగేదాకా ఆమె ఆ చెయ్యి వదల్లేదు.