పెలూసా ఎవరు?

మోంటెవీడియోలో కంప్యూటర్ సైన్స్ చదివేవాడు ప్రోగ్రాం రాసిచ్చేసి చేతులు దులుపుకుంటే కుదరదు. ప్రొఫెసర్ ఎదుట కూర్చుని వరుస వరుసకీ జవాబు చెప్పాలి. ఇవాళ ఎలిసియో వంతు. అతనిచ్చిన ప్రోగ్రాం తోటి విద్యార్థిని యామిలాది. అందులో ఒక్కో విలువకీ ఆమె పెట్టుకున్న పేర్లన్నీ మూడు రోజులు కూర్చుని మార్చి, తనదేనని ఇచ్చేశాడు. అందులో సగం కష్టపడితే సొంతంగానే రాసుండేవాడు, వెధవ!

ప్రొఫెసర్ ఒలివెరా గారు మాతే అనే ఆకుల టీ గొట్టంతో పీలుస్తూ తెర మీద ప్రోగ్రాం చదువుతున్నారు. గొట్టం గరగరమని ఆగింది.

"ఈ పెలూసా ఎవరోయ్?"

ఎలిసియో తెర మీదికి వంగాడు. మార్చకుండా ఒక్క పేరు మిగిలిపోయింది!

"మా... మా కుక్క, సార్."

"పొద్దున యామిలా కూడా తన కుక్కేనంది. ఇద్దరూ కలిసి పెంచుతున్నారా ఏంటి?"

ఎలిసియో కుర్చీ కాస్త వెనక్కి జరుపుకున్నాడు.

"సరే, కుక్కనొదిలెయ్." ఒలివెరా గారు ఆ పేరున్న వరుస మీద వేలు పెట్టారు. "ఇది తీసేస్తే ఏమవుతుంది?"

ఎలిసియో తెరకేసి చూశాడు. పేర్లు మార్చాడే తప్ప, ఆ వరుస ఏం చేస్తుందో ఒక్కసారైనా చదవలేదు.

"చెప్పు నాయనా, నాకేం తొందర లేదు," అంటూ ఆయన ఫ్లాస్కులోంచి మాతేలో మళ్ళీ వేణ్నీళ్ళు పోసుకున్నారు.