పొడుగు లిల్లీలు పూసిన గురువారం

తల్లి సంతోషమ్మ పోయాక మచిలీపట్నంలో ఆ ఇంట్లో ఝాన్సీ ఒక్కతే ఉంటోంది. నలభై రెండేళ్ల మనిషి, పెళ్లి చేసుకోలేదు. గుడివాడలో ఒక ప్రైవేటు ఆసుపత్రి ల్యాబ్‌లో పని. తెల్లవారకముందే బస్సెక్కితే మళ్లీ ఇల్లు చేరేసరికి చీకటి.

పెరట్లో డే లిల్లీలు నాటి రెండేళ్లయింది. అన్నీ పొడుగు రకం. బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయని కుళాయి నీళ్లు పట్టి పోసేది. ఈ ఫిబ్రవరిలో కాడలు ప్రహరీ దాటి పైకి లేచి మొగ్గ తొడిగాయి.

సోమవారం ఇంటికొచ్చి చూస్తే ఒక పువ్వు పూసి వాడిపోయి ఉంది. మంగళవారం రెండు, బుధవారం మూడు. పొద్దున పూసి సాయంత్రానికి వాడిపోయే ఒక్కరోజు పువ్వులని తెలిసిందే. కానీ తను పెంచిన మొక్కకి ఏ రంగు పువ్వు పూసిందో తనకే తెలియలేదు. చెప్పడానికి ఇంట్లో ఎవరున్నారు? ఆదివారం దాకా ఆగలేక సెలవడిగింది.

"ఎవరికన్నా బాగోలేదా అండీ?" అన్నాడు ల్యాబ్ ఇన్‌ఛార్జి శామ్యూల్ రాజ్.

"నాకెవరున్నారండీ. ఇంట్లో పనుంది."

గురువారం పీట వేసుకుని మొక్కల ముందు కూర్చుంది. ఎండ పడేసరికి నాలుగు పూర్తిగా విచ్చుకున్నాయి. లేత పసుపు, లోపల నారింజ. ఫోటో తీసింది. ఎవరికి పంపాలో తోచక ఫోన్లో పేర్లన్నీ చూసి పక్కన పెట్టేసింది.

"ఇవాళ నాలుగేనా? ఐదనుకున్నానే!"

పక్కింట్లోకి కొత్తగా వచ్చిన రహమత్ బీ, కిటికీలోంచి. మోకాలి ఆపరేషనయి మంచం దిగలేకపోతోంది.

"సోమవారం నుంచీ చూస్తున్నానమ్మా. పగలంతా నాకు అవే తోడు. నీకు చెబుదామంటే నువ్వు కనపడవు."

ఝాన్సీ టీ పెట్టి తీసుకెళ్లి, మధ్యాహ్నం దాకా అక్కడే ఉండిపోయింది. ఆ తర్వాత నెల రోజులూ భోజనాల వేళకి రహమత్ బీ ఫోన్ చేసి ఎన్ని పూశాయో చెప్పేది.

మార్చి చివర్లో కూతురొచ్చి, ఇల్లు ఖాళీ చేయించి ఆమెని అవనిగడ్డ తీసుకెళ్లింది. ఝాన్సీ ఒక దుబ్బు విడదీసి పాత పెయింటు డబ్బాలో నాటి వాళ్ల కారులో పెట్టింది.

మొన్న రహమత్ బీ ఫోన్ చేసింది. "ఆకు పచ్చగానే ఉందమ్మా. పువ్వెప్పుడు?"

"వచ్చే ఏడు చూడాలి, ఆంటీ."

"ఇక్కడ మేడ మీద పెట్టారు. నేను ఎక్కలేను. ఎవరో ఒకరు చెబుతార్లే."

"చెబుతారు" అంది ఝాన్సీ. పక్కింట్లోకి ఇంకా ఎవరూ రాలేదని ఆమెకి చెప్పలేదు.