రోజుకెన్ని కిలోమీటర్లు

"నీ నడుం కోసమేగా శోభా ఇదంతా!" అన్నాడు వినయ్ కుమార్, అట్టు తుంచి అల్లప్పచ్చట్లో అద్దుకుంటూ.

ఆ మాట అనేటప్పుడు అతని మొహం చూసి తీరాలి. ఊరందరికీ దుప్పట్లు పంచి వచ్చిన దాత మొహం అది. శోభారాణి పొయ్యి దగ్గర ఒంటి బరువంతా కుడికాలి మీద మోపి రెండో అట్టు తిరగేస్తోంది. ఎడంకాలి మీద మోపితే తుంటి దగ్గర్నించి పిక్క దాకా ఎవరో నరం పట్టుకుని గుంజినట్టుంటుంది. గుంజితే గుంజింది, అట్టు మాత్రం మాడకూడదు. అంచులు ఎర్రగా కాలాలి, మధ్యలో మెత్తగా ఉండాలి. ఇరవై రెండేళ్లుగా అలాగే కాలుస్తోంది.

అసలు ఈ ఇంట్లోకి ఆమె కోసం రాని వస్తువేది? గ్రైండరు ఆమె కోసమే వచ్చింది. వచ్చిన వారం నించీ బాపట్లలో ఉన్న ఆడపడుచుకి కూడా పిండి ఇక్కడే రుబ్బడం మొదలైంది. ఆదివారం ఆరాధన కాగానే డబ్బా పట్టుకుని బాపట్ల బయల్దేరాలి. వాషింగ్ మెషీనూ ఆమె కోసమే. అప్పటిదాకా నెలకోసారి ఉతికే దుప్పట్లు వారం వారం ఉతకాల్సి వచ్చింది, "మెషీనే కదా ఉతికేది" అని. నిజమే, ఉతికేది మెషీనే. తడి దుప్పటి ఎత్తి మేడ మీదికి మోసుకెళ్లి తీగ మీద వేసేది మాత్రం శోభారాణి. ఇప్పుడిక కారు వంతు వచ్చింది.

ఆమె రేపల్లెలో హైస్కూలు సోషల్ టీచరు. ఇల్లు తెనాలిలో. అతని ఆఫీసూ తెనాలిలోనే, ఇంటికి కూతవేటు దూరం. పంతొమ్మిదేళ్లుగా ఆమె పొద్దున్నే తెనాలి బస్టాండుకి ఆటోలో, అక్కణ్ణించి రేపల్లెకి బస్సులో వెళ్లి, సాయంత్రం అదే దారిన వస్తోంది. రైలుందిగా అంటారు చూసినవాళ్లు. రైలు టైముకి వెళ్తే బడి ప్రార్థన అయిపోయాక గేటు దగ్గర నిలబడాలి. మొదట్లో నడుం పట్టేసేది. తర్వాత పట్టేసి వదలడం మానేసింది. పోయిన ఏడాది నించీ ఎడంకాలు తిమ్మిరెక్కి, దిగకుండా అలాగే ఉండిపోతోంది.

నవంబర్లో ఒకరోజు బస్సు దిగి నేరుగా తొమ్మిదో తరగతిలోకి వెళ్లి బోర్డు మీద తేదీ వేస్తుంటే, ముందు బెంచీ పిల్ల ఒకతి లేచి, "టీచర్, మీ కాలికి చెప్పు లేదండి," అంది. చూసుకుంటే నిజంగానే లేదు. బస్సులో జారిపోయిందో, బస్టాండులో జారిపోయిందో! గతుకుల తారు మీద, గులకరాళ్ల మీద అంత దూరం నడిచొచ్చింది, పాదానికి తెలియనే లేదు. పిల్లలు నవ్వారు. శోభారాణి కూడా నవ్వింది. నవ్వి, స్టాఫ్ రూములోకి వెళ్లి తలుపు వేసుకుని, పాదాన్ని గోళ్లతో గిచ్చి చూసింది. చెక్కని గిచ్చినట్టుంది. అప్పుడేడ్చింది.

గుంటూరులో పెద్ద డాక్టరు ఫిలిం లైటుకి పెట్టి చూసి ఎక్కువ మాట్లాడలేదు. "ఈ ప్రయాణాలు మానాలమ్మా. పాదం పైకి లేవడం ఆగిపోయిందంటే ఆపరేషన్ చెయ్యాలి. అప్పుడు కూడా పాదం పూర్తిగా తిరిగొస్తుందని నేను మాటివ్వలేను," అన్నాడు.

"కారైతే పర్లేదా సార్?" అనడిగాడు వినయ్ కుమార్.

"బస్సు కన్నా నయమే."

అంతే, ఆ ఒక్క ముక్క పట్టుకుని ఇంటికొచ్చారు. ఆ రాత్రే వినయ్ కుమార్ ఫోన్లో కార్ల వీడియోలు చూడ్డం మొదలెట్టాడు. శోభారాణి ప్రార్థన ఒకే వాక్యానికి కుదించుకుపోయింది: "ప్రభువా, ఈ పాదాన్ని ఉండనియ్యి." కాలుంటే బడి ఉంటుంది. బడిలో ఆమె గొంతెత్తకపోయినా నలభై మంది వింటారు. ఈ ఇంట్లో గొంతెత్తినా టీవీలో వార్తలు అయ్యేదాకా ఆగాలి.

తెనాలిలోనే ఫిజియోథెరపీ చేసే అమ్మాయి ఉంది, సాహితి. చిన్నపిల్లే గాని చెప్పింది శ్రద్ధగా వింటుంది. "మేడం, కారంటే ఇంజనూ, రంగూ వాళ్లు చూసుకుంటారు. మీరు సీటు చూసుకోండి," అని కూర్చోబెట్టి చెప్పింది. సీట్లోకి దిగకూడదు, ఎక్కకూడదు, కుర్చీలో కూర్చున్నట్టు పక్కకి జరిగి కూర్చోగలగాలి. మోకాళ్ల కన్నా తుంటి ఒక రవ్వ ఎత్తులో ఉండాలి. మెత్తగా ఉందని మురిసిపోకూడదు, మెత్తటి సీటు నడుముని ముంచేస్తుంది. తొడ కింద ఖాళీ మిగలకూడదు. "రెండు నిమిషాలు కూర్చుని బాగుందనమాకండి. ఇరవై నిమిషాలు కూర్చోండి. వాళ్లేమనుకున్నా సరే." శోభారాణి అదంతా స్టూడెంటులా రాసుకుంది. ఇంట్లో మీకు ఏ కుర్చీ సుఖమని సాహితి అడిగితే, అది ఎంతెత్తుందో కొలుచుకుని, కుట్టుమిషను టేపు సంచిలో పడేసుకుంది. ఇన్నేళ్లలో తన ఒంటికి ఏది సుఖమో తనని ఒకరు అడగడం అదే మొదలు. ఆ మాట తల్చుకుంటేనే కళ్లు చెమర్చేవి, సిగ్గుచేటు!

షోరూములో దీపక్ అనే కుర్రాడు కార్లు చూపించాడు. పొడుగాటి తెల్ల కారు దగ్గర వినయ్ కుమార్ కళ్లు నిలిచిపోయాయి. నెత్తిన తెరుచుకునే అద్దం ఉంది దానికి. శోభారాణి అందులో కూర్చోబోతే కూర్చోవడం కాదు, పడిపోవడమే. మోకాళ్లు గడ్డం దగ్గరికొచ్చాయి. లేవడానికి రెండు చేతులా తలుపు పట్టుకుని వేలాడాల్సి వచ్చింది. ఇంకొకటి ఎత్తు కారు, దానికి ఎడంకాలు పైకి లేవనేలేదు. మూడోది గోడ పక్కన పెట్టిన చిన్న కారు, పొడుగు తక్కువ, ఎత్తెక్కువ. టేపు పెట్టి కొలిస్తే ఇంట్లో కుర్చీకి అరంగుళం తేడా. పక్కకి జరిగి కూర్చుంది. కాళ్లు రెండూ కలిపి లోపలికి తిప్పుకుంది. కళ్లు మూసుకుంది.

అయిదు నిమిషాలు గడిచాయి. పది గడిచాయి. ఎడంకాల్లో నెలల తరబడి రొద పెడుతున్న నరం ఊరుకుంది. హమ్మయ్య అని ఎవరో లోపల్నించి అన్నట్టుంది. నొప్పి లేకపోతే ఇలా ఉంటుందా మనిషికి! అందరూ ఇలాగే ఉంటారా రోజంతా? అత్తగారి మందులు, రేపటి కూర, పరీక్ష పేపర్లు ఏవీ గుర్తు రాలేదు. అద్దంలోంచి వీధి కనిపిస్తోంది, తను అక్కడ ఉత్తినే కూర్చునుంది. కన్నీళ్లు కారుతుంటే తుడుచుకోవడం కూడా మర్చిపోయింది.

"కారు కొంటున్నావా, కుర్చీ కొంటున్నావా?" అని నవ్వాడు వినయ్ కుమార్, దీపక్ కూడా నవ్వాలని చూస్తూ. "టేపేంటి శోభా, పరువు తీస్తన్నావ్. ఈ డబ్బాలో నేను ఆఫీసుకెళ్తే ఇంకేమన్నా ఉందా?"

మళ్లీ ఆ తెల్ల కారు దగ్గరికే నడిచారు. పోన్లే, వీపు వెనక దిండు పెట్టుకుందాం, సర్దుకుందాం అనుకుంది శోభారాణి. సర్దుకోవడంలో ఆమెకి పంతొమ్మిదేళ్ల బస్సు అనుభవం ఉంది మరి. లోను ఆమె జీతం మీద కాబట్టి సంతకాలు ఆమెవి. దీపక్ కాయితాలు ముందు పెట్టి, "పెట్రోలా, గ్యాసా తేల్చుకోడానికి ఒక్క ప్రశ్న సార్. బండి రోజుకెన్ని కిలోమీటర్లు తిరుగుద్ది?" అన్నాడు.

"డెబ్భై," అంది శోభారాణి.

"నాలుగైదు," అన్నాడు వినయ్ కుమార్.

రెండు జవాబులూ ఒక్కసారే వచ్చాయి. దీపక్ పెన్ను ఆపి ఇద్దర్నీ చూశాడు.

"డెబ్భై ఏంటి?" అన్నాడు వినయ్ కుమార్.

"రేపల్లె ముప్ఫై అయిదు కదండీ. రానూ పోనూ..."

"రేపల్లె దాకా రోజూ ఎవరు తిప్పుతారు శోభా? నా ఆఫీసు మానుకోనా? పొద్దున నిన్ను బస్టాండులో దింపుతా, సాయంత్రం మళ్లీ బస్టాండు నించి తీసుకొస్తా. ఆటోలో కుదుపులు తప్పుతాయి కదా. పగలు అమ్మని ఆస్పత్రికి తిప్పొచ్చు. ఆదివారం బాపట్ల ఎటూ ఉంది, అటునుంచటు సూర్యలంక బీచికి కూడా పోవచ్చు."

"నేను నేర్చుకుని నడుపుకుంటానండీ," అంది శోభారాణి.

"కాలికి చెప్పుందో లేదో తెలీదు నీకు. క్లచ్చెట్టా తొక్కుతావ్?"

"ఆటోమేటిక్ ఉంది మేడం," అన్నాడు దీపక్ మెల్లగా. "ఎడంకాలితో పనే ఉండదు."

"ఆ రేటుకి ఆటోమేటిక్ తీసుకుంటే సన్‌రూఫ్ రాదుగా!" అన్నాడు వినయ్ కుమార్.

దాంట్లో అతనికి తప్పేమీ కనిపించలేదు, అదీ విచిత్రం. శోభారాణికి కోపం అతని మీద కన్నా తన మీదే ఎక్కువ వచ్చింది. టేపు పట్టుకుని సీట్లు కొలిచావు కదే, ఈ బండి ఎక్కడికెళ్తుందీ అని ఒక్కసారైనా అడిగావా? నీ నడుం కోసం కొనే కారు నీతో బడికొస్తుందని నీకెవరు చెప్పారు? పోనీ ఆటోమేటిక్కే కొనుక్కుని, నేర్చుకుని, రోజూ డెబ్భై కిలోమీటర్లు నడుపుకుంటూ వచ్చావే అనుకో, వచ్చి ఏం చేస్తావు? అట్లు పోస్తావు. దుప్పట్లు ఆరేస్తావు. డాక్టరు ఏమన్నాడు? బస్సు మానమన్నాడా? ప్రయాణం మానమన్నాడు. ఆ మాట అతనికి వినపడలేదంటే సరే, నీ చెవులకేమైంది? బడి రేపల్లెలో, ఇల్లు తెనాలిలో, మధ్యలో నీ నడుం. బడి కదలదు, ఇల్లు కదలదు, కదలాల్సింది ఎప్పుడూ నువ్వేనని ఎవరు రాసిపెట్టారు? ఉద్యోగమొచ్చిన కొత్తలో రేపల్లెలో కాపురం పెడదామంటే, "ఇల్లిక్కడుంది, అమ్మిక్కడుంది, చర్చి ఇక్కడుంది" అన్నాడు. తను ఎక్కడుందో అప్పుడెవరూ అడగలేదు, తనూ అడగలేదు.

"మేడం, ఇక్కడ సంతకం," అన్నాడు దీపక్.

"పెట్టను బాబూ," అంది.

ఇంటికొచ్చాక ఇక మాటల వరదే. "నలుగుర్లో నా తల తీసేశావ్. నువ్వు పెట్టకపోతే ఆగిపోద్దా?" అని అతను. "మా కాలంలో పొద్దుగూకేదాకా వంగి నాట్లేసొచ్చి, వండి వార్చేవాళ్లం. నడుమనేది ఒకటుందని కూడా ఎరగం," అని అత్తగారు రాజమ్మ. ఆ మాటంటున్న రాజమ్మ గోడ పట్టుకుని, తొంభై డిగ్రీలకి వంగి, మంచం దాకా నడుస్తోంది. శోభారాణికి ఆమెని చూస్తే కోపం రాలేదు. భయమేసింది.

వినయ్ కుమార్ తన పేరు మీదే లోను పెట్టి రెండు వారాల్లో తెల్ల కారు తెచ్చాడు. చర్చి అయ్యగారిని పిలిచి ప్రార్థన చేయించారు. "మా సహోదరి శోభారాణి నడుం నొప్పిని బట్టి ఈ వాహనాన్ని అనుగ్రహించావు తండ్రీ," అని అయ్యగారు కళ్లు మూసుకుని గట్టిగా ప్రార్థించారు. అందరూ ఆమేన్ అన్నారు. శోభారాణి నోరు తెరవలేదు.

మరుసటి సోమవారం పొద్దున అతనే కార్లో బస్టాండు దాకా తీసుకొచ్చాడు. సీటు పక్కన పెద్ద సంచి చూసి, "ఏంటంత సంచి?" అన్నాడు.

"బట్టలండీ."

"సరే, సాయంత్రం బస్సెక్కగానే ఫోన్ చెయ్యి, వస్తా."

శోభారాణి తలుపు రెండు చేతులా పట్టుకుని, పళ్లు బిగించి, ఒళ్లంతా పైకి లాక్కుని లేచింది. నిన్న సాయంత్రం దాకా చెప్పలేకపోయింది. ఇప్పుడు కూడా చెప్పలేకపోతే రేపు మళ్లీ ఇక్కడే దిగుతుంది, ఎల్లుండి కూడా, పాదం పూర్తిగా చచ్చిపోయేదాకా.

"సాయంత్రం రానండీ. బడి వెనక సందులో గది తీసుకున్నాను. నడిచెళ్తే అయిదు నిమిషాలు."

వినయ్ కుమార్ ఇంజను ఆపడం కూడా మర్చిపోయాడు. "గదేంటి? పిచ్చి పట్టిందా? మరి వంట? అమ్మకెవరు పెడతారు?"

"మీరున్నారు కదండీ."

వెనకాల ఆటోవాడు హారన్ కొడుతున్నాడు, "బండి తియ్యండి సార్," అని కేకేస్తున్నాడు. వినయ్ కుమార్‌కి వినపడలేదు. అతని గొంతు మారిపోయింది, చిన్నపిల్లాడి గొంతులా అయిపోయింది. "శనివారమన్నా వస్తావా శోభా?"

వస్తానని ఆమెకి నాలిక చివరిదాకా వచ్చింది. రేపల్లె బస్సు ప్లాట్‌ఫారం మీదికొచ్చి ఆగింది. సంచి ఎత్తి కుడిభుజానికి తగిలించుకుంది.

"ఇవాళెక్కేదే ఆఖరి బస్సండీ. నా నడుం ఇంక ప్రయాణాలు చెయ్యలేదు," అంది. "కారు మీ దగ్గరుంది కదా, మీరే రండి."