సైన్యం లేని గడ్డివాము

ఇలా దగ్గరికి జరగండర్రా, ఆ గోడకి ఆనుకోండి. ఒక అక్కాచెల్లెళ్ల సంగతి చెబుతాను.

అక్కకి బజారులో ఫొటో స్టూడియో ఉండేది. చెల్లెలు దాని దగ్గరే కెమెరా పట్టడం నేర్చుకుని, స్టూడియో వదిలేసి పొలాల మీద పడింది. పొలాల్లో దాక్కున్న సైన్యాన్ని ఫొటోలు తీసేది ఆ పిల్ల. పైకి చూస్తే పశువుల పాక, లోపల ఫిరంగి. పైకి చూస్తే నీళ్ల తొట్టి, కింద నేలమాళిగలోకి మెట్లు. ప్రదర్శనలు పెట్టే ఒకావిడ అవి చూసి మురిసిపోయి, "అన్నీ గోడకెక్కిస్తాను. ఇంకొక్క ఫొటోకి చోటుంది" అంది.

అక్క కడుపులో కుంపటి రాజుకుంది. నా దగ్గర ఓనమాలు దిద్దినదానికి గోడంతానా?

"ఆ ఒక్క చోటూ నాది" అంది.

"నీదే అక్కా. కొండవాలున ఒక గడ్డివాముంది, చూడు. ఏ ఆవూ దాని దగ్గరికి పోదు."

"తాతకి దగ్గులు నేర్పకు."

చెల్లెలు నవ్వింది. ఆ నవ్వుకి అక్క ఒళ్లు ఇంకా మండింది.

వెళ్లింది. ముళ్లలో బోర్లా పడుకుని, ఎండ వాలేదాకా కాచుకుని కెమెరా నొక్కింది. అంత వెలుతురు చెల్లెలికి ఏనాడూ దొరకలేదు, ఉన్నమాట చెప్పాలి.

స్టూడియోకొచ్చి టచింగ్‌కి కూర్చుంది. పెళ్లికూతురి మొటిమైనా, ముసలాయన గాటైనా తుడవందే ఆ చెయ్యి ఊరుకోదు. చెల్లెలి ఫొటోలకన్నా అందంగా ఉండాలి, వాటికన్నా అందంగా ఉండాలి అనుకుంటూనే గడ్డిలో నల్లగా ఏదో పొడుచుకొస్తే తుడిచింది. ఇనప తీగ అడ్డొస్తే అదీ తుడిచింది.

ప్రదర్శన ఆవిడ అటు తిప్పి ఇటు తిప్పి చూసింది. "చక్కటి గడ్డివాము. ఇందులో సైన్యం ఏదండీ?"

చెల్లెలు వంగి చూసింది. "ఫిరంగి గొట్టం ఏదక్కా? తీగ ఏది?"

"తుడిచేశాను."

"అసలు ఫొటో?"

"దాని మీదే తుడిచాను."

"ఇంత బాగా దాచడం సైన్యానికి కూడా చేతకాలేదక్కా" అని చెల్లెలు కళ్ల నీళ్లొచ్చేదాకా నవ్వింది. ఆనక జాలిపడి, "పోనీ, ఇదీ పెట్టమందామా?" అంది.

"నీ దయ నాకక్కర్లేదు."

ఆ చివరి చోటు కూడా చెల్లెలికే పోయింది. అక్క తన గడ్డివాముని స్టూడియోలోనే తగిలించుకుంది. వచ్చినవాళ్లంతా ఎంత బాగుందో అంటారు. అన్నప్పుడల్లా ఆవిడ మొహం అటు తిప్పుకుని కెమెరా అద్దం తుడుస్తుంది.

ఇది గుర్తుపెట్టుకుని మీవాళ్లకి చెప్పండర్రా. చెప్పేటప్పుడు అక్కని మరీ పలచన చేయకండి. ఆ వెలుతురు మాత్రం ఆవిడదే, ఆ మాట వదిలేయకండి.