తల ఆరేదాకా

"రొట్టెకి మొక్కజొన్న పిండి ఎక్కడుంది?" బాత్‌రూం తలుపు అవతల నుంచి అడిగాడు రాండల్. ఇద్దరు పిల్లలు హైస్కూలుకి వచ్చినా, మెంఫిస్‌లోని ఈ ఇంట్లో పిండి ఎక్కడుంటుందో నా భర్తకి తెలియదు. నా రెండు చేతులూ జుట్టుకి పట్టించే కండిషనర్ జిగటలో ఉన్నాయి. "వెతుక్కో," అన్నాను. ఆ మాట నా నోటి నుంచి రావడం నాకే కొత్తగా ఉంది.

ఇన్నాళ్ళూ శనివారం నాది కాదు. ఉతుకుడు, చర్చికి చొక్కాల ఇస్త్రీ, ఆదివారం భోజనానికి ఆకుకూర కడిగి ఉడకెయ్యడం. వారమంతా క్లినిక్ రిసెప్షన్‌లో నవ్వి నవ్వి దవడలు నొప్పెట్టాక మిగిలేది ఇంటి చాకిరీ. మా నల్లవాళ్ళ ఉంగరాల జుట్టు సాపు కావాలని చిన్నప్పుడే అమ్మ నా తలకి మందు పెట్టించింది. పాపం, రెండు ఉద్యోగాల మధ్య నా తల దువ్వే తీరిక ఆమెకెక్కడిది? అప్పట్నుంచీ మాడు మీద ఆ మంట నాకు అలవాటైపోయింది. ఈ వేసవిలో ఒకరోజు అద్దం ముందు నిలబడి ఆ సాపు జుట్టంతా కత్తిరించేశాను. వేలెడు మిగిలింది, నా సొంత జుట్టు. నలభై దాటాక మొదటిసారి చూశాను దాన్ని. ఉంగరాలు ఉంగరాలుగా భలే ముద్దొచ్చింది.

ముద్దు సరే, దాని గుణం మాత్రం నాకేమీ తెలియదు. పొడిగా ఉన్నప్పుడు దువ్వితే సగం దువ్వెనలోకే వచ్చింది. పోయిన వారం, ఉంగరాలు నిలవాలని తడి జుట్టుని పాయలుగా మెలికలు వేసి, ఆరకముందే విప్పేశాను. క్లినిక్‌కి చేరేసరికి దూదిలా రేగిపోయింది. "హడావుడిలో దువ్వెన దొరకలేదా లట్రీస్?" అంది మేనేజరు, పేషెంట్లందరూ వింటుండగా. నవ్వేశాను. జీతం దానికేగా.

"రేపు చర్చి వార్షికోత్సవం. ముందు వరసలో పాడేదానివి, ఈ తలతోనే నిలబడతావా? మందు పెట్టించుకుంటే అరపూటలో తేలిపోయేది," అన్నాడు రాండల్, మెత్తగానే. మెత్తగా అన్న మాటలకి తిరిగి కసరడం కూడా కుదరదు. ఇవాళా కుదరకపోతే సాయంత్రం వెళ్ళి మందు పెట్టించుకుంటానని మాటిచ్చేశాను.

మెలికలు వేయడం పూర్తయ్యేసరికి మా అత్తయ్య ఒడెస్సా వచ్చింది. ఒకప్పుడు వాడలో ఆడవాళ్ళందరి జుట్టూ తన వంటింట్లోనే సింగారించిన మనిషి. "మా రోజుల్లో ఈ జుట్టుతో వీధిలోకొస్తే, నీకు అమ్మ లేదా అని అడిగేవాళ్ళు," అని వేసవంతా దెప్పుతూనే ఉంది. ఇవాళ మాత్రం కారు డిక్కీలో తన పాత హెయిర్ డ్రైయర్, తల మీదికి గంపలా దిగేది, వేసుకొచ్చి కొడుకు చేత మోయించింది.

"చివళ్ళ నుంచి దువ్వావా, కుదుళ్ళ నుంచా?"

"చివళ్ళ నుంచే అత్తయ్యా, బాగా తడిపి."

"మరి పోయినసారి చెడింది నీ చేతి వల్ల కాదు, తొందర వల్ల. ఆరకుండా విప్పితే ఏ జుట్టయినా అంతే. నిన్నెవరు తొందరపెట్టారే?"

నేను వంటింటి వైపు చూశాను. ఆవిడా అటే చూసింది. నన్ను నేల మీద తన మోకాళ్ళ మధ్య కూర్చోబెట్టుకుని, వదులైన మెలికలు విప్పి మళ్ళీ వేసింది. కదిలితే దువ్వెనతో నెత్తిన ఒకటి వేసింది. ఈ జుట్టుని ఇంకొకరు ఇంత ఓపికగా పట్టుకోవడం నాకు గుర్తుండగా ఇదే మొదలు. ఆ మనిషి మీద ఎంత కృతజ్ఞత పొంగిందంటే, వేసవంతా పడ్డ దెప్పుళ్ళు కూడా మర్చిపోయాను.

కుర్చీలోకి మార్చి, నా చెవి దగ్గరికి వంగింది. "నలుగురు పిల్లలు, మీ మామయ్య. దీని కింద కూర్చున్నప్పుడే నాకు ఎవరి కేకలూ వినపడేవి కావమ్మా," అని గంప దించింది.

వెచ్చటి గాలి హోరు. గుమ్మంలో రాండల్ నోరు కదులుతోంది, మాట మాత్రం రావడం లేదు. కాసేపటికి మాడిన రొట్టె వాసన వచ్చింది. నేను లేవలేదు. చాలా ఏళ్ళ తర్వాత ఏమీ చేయకుండా కూర్చున్నాను, హాయిగా.

చాలాసేపటికి అత్తయ్య గంప ఎత్తి, చెవి వెనక ఒక మెలిక విప్పింది. గట్టి ఉంగరమొకటి చేతి అద్దంలో మెరిసింది. కుదుళ్ళ దాకా వేళ్ళు పోనిచ్చి చూసింది. ఎక్కడా తడి లేదు.

"దీనికి మందెందుకే, పిచ్చిదానా," అంది గొంతు తగ్గించి.

"ఆరిందా అమ్మా? చేపలు వేపాలి కదా," అన్నాడు రాండల్ గుమ్మంలోంచి.

అత్తయ్య విప్పిన మెలికని మళ్ళీ వేసి, గంప నా తల మీదికి దించింది.

"ఇంకా పచ్చిగానే ఉందిరా," అని స్విచ్ వేసింది.