ఏడింటి సూది

ఫ్రిజ్ తలుపు తీసి, గుడ్ల అరలో నిలబెట్టిన చిన్న గాజుసీసాను చూసి మార్తమ్మ అంది: "మనం తినేవాటి పక్కన పిల్లి మందు. ఈ ఇంట్లో మనుషుల కంటే దానికే మర్యాద ఎక్కువైపోయింది."

పక్కనే కోడలు జ్ఞానమణి పప్పుకి తాలింపు పెడుతోంది. సీసా ఇంటికి వచ్చిన సాయంత్రం అది. ఇంకాసేపట్లో ఆ మందుని సిరంజిలోకి ఎక్కించి, బతికున్న ఒంట్లోకి తన చేత్తో గుచ్చాలి. ఆమె ఎన్నడూ చెయ్యని పని. ఆవాలు చిటపటలాడుతుంటే గబుక్కున మూత పెట్టేసింది.

జబ్బు కనిపెట్టింది కూడా ఆమే. కూతురు హదస్సా కాలేజీ రోజుల్లో వానకి తడుస్తున్న ఎర్రచారల పిల్లిపిల్లని ఎత్తుకొచ్చి, బన్ను అని పేరు పెట్టి, ఉద్యోగం రాగానే పుణె వెళ్ళిపోయింది. బన్ను సైనిక్‌పురిలోనే మిగిలింది. పాలన్నం, మార్తమ్మ టీలో ముంచి పడేసే బిస్కెట్ ముక్కలు తిని గుండ్రంగా బలిసింది. ఈమధ్య ఎంత తిన్నా చిక్కిపోతోంది. నీళ్ళగిన్నె నింపిన కొద్దీ ఖాళీ అవుతోంది. ఇసుక ట్రే ముద్దముద్దగా తడిసిపోతోంది. "తింటోందిగా, ఏం కాదులే" అన్నాడు భర్త ప్రభుదాస్, పేపరు మీంచి తలెత్తకుండా. ఆ ట్రే ఏ బాల్కనీలో ఉంటుందో కూడా ఆయనకు తెలియదు. ఇంట్లో ఎవరికి బాగోలేదో ముందు తెలిసేది కడిగే మనిషికే అనుకుంది జ్ఞానమణి. అత్తగారికి అరగని రోజులు, భర్తకి జ్వరం పట్టి చెమటలు పోసిన రాత్రులు, కూతురి మొదటి నెలసరి, అన్నీ ఆమెకి గిన్నెలూ దుప్పట్లూ బట్టలే చెప్పాయి. మరి తన ఒంటి సంగతి ఎవరికి ఏ గిన్నె చెప్పింది? పోయిన చలికాలం టైఫాయిడ్‌తో పడుకుంటే, "ఇడ్లీపిండి అయిపోయింది, నీకు తెలుసా?" అని ప్రభుదాస్ మంచం దగ్గరికొచ్చి అడగడం గుర్తొచ్చింది.

ఏ.ఎస్. రావు నగర్‌లో పశువుల డాక్టర్ యోగిత బన్ను చెవి అంచున చిన్న రక్తపు చుక్క తీసి చూసింది. "షుగర్ ఉంది ఆంటీ, బాగా ఉంది. పరేషాన్ కావొద్దు. పొద్దున ఏడింటికి, సాయంత్రం ఏడింటికి ఇన్సులిన్ వెయ్యాలి. ముందు తినాలి, తిన్నాకనే సూది. పాలు, అన్నం, బిస్కెట్ బంద్. వేసినంక జెర సేపు దాని పక్కన కూసోండి. తలుపు పెట్టుకొని, సప్పుడు లేకుండ. భయపడితే దాని షుగర్ ఇంకా పెరుగుతది."

"నావల్ల అవుతుందా డాక్టర్? నాకు సూదంటేనే కళ్ళు తిరుగుతాయి."

"ఇక్కడికొచ్చిన పిల్లులన్నీ బల్ల కింద దూరతయి. ఇది చూడండి, మీ మోచెయ్యి మీద తల పెట్టి పడుకుంది. మీతోని అయితది."

ఆ మొదటి సాయంత్రం ఇంటి వెనకవైపు గదిలో, కూతురి పాత మంచం పక్కన నేల మీద కూర్చుంది జ్ఞానమణి. ఉడికించిన కోడిమాంసం తిని బన్ను మూతి నాక్కుంటోంది. సీసాని ఊపకుండా రెండు అరచేతుల మధ్య మెల్లగా దొర్లించింది. సిరంజిలోకి వచ్చింది ఒక్క గీత. కంటికి ఆనీ ఆనని నీటిచుక్క. ఇంతేనా అనుకుంది. ఈ కాస్తలో ఒక ప్రాణం ఉందా? భుజాల దగ్గర చర్మాన్ని వేళ్ళతో పైకి లేపితే చిన్న గుడారంలా నిలబడింది. కళ్ళు మూసుకోకూడదు, మూసుకుంటే గుచ్చుకునేది తన వేలికే. సూది లోపలికి వెళ్ళింది. వెళ్ళినట్టు ఆమెకు తెలిసింది గానీ బన్నుకి తెలియలేదు. అది గుర్రుగుర్రుమంటూనే ఉంది. ఆ గురక దాని చర్మంలోంచి ఆమె వేళ్ళలోకి, మోచేతి దాకా పాకింది. పని అయిపోయాక తన చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని వింతగా చూసుకుంది. ఎన్ని వేల చపాతీలు ఒత్తిన చేతులు ఇవి. వీటికి ఈ పని కూడా వచ్చునని ఇన్నేళ్ళూ ఆమెతో ఎవరూ అనలేదు.

తర్వాత అలవాటైంది, కానీ ఆ ఆశ్చర్యం మాత్రం అలవాటు కాలేదు. ఏడవుతుంటే ఆమె పిలవకుండానే బన్ను ఆ గది గుమ్మంలోకి వచ్చి కూర్చునేది. సూది గుచ్చే చెయ్యి ఇదేనని దానికి తెలుసు, అయినా వస్తోంది. బలవంతంగా పట్టుకుంటే రాదు, తొందరపడితే రాదు. ఒంటి మీద చెయ్యి వేసి "వెయ్యనా?" అని అడిగి, అది ఒళ్ళు వదులు చేసేదాకా ఆగాలి. ఒక ఒంటిని ముట్టుకునే ముందు ఇంతసేపు ఆగడమనేది ఆమెకి ఎవరూ నేర్పలేదు. ఆమె ఒంటి విషయంలో అలా ఆగినవాళ్ళూ లేరు. ఈ మాట మనసులోకి రాగానే ఉలిక్కిపడి తలుపు వైపు చూసింది, ఎవరైనా విన్నారేమోనని.

సాయంత్రం ఏడింటికి ఇంట్లో ఉండాలంటే బేగంపేట ఆఫీసులో అయిదున్నరకే లేవాలి. ఆమె ఒక ట్రావెల్ కంపెనీలో పనిచేస్తుంది. ఆమె దగ్గర పని నేర్చుకున్న రఘునాథ్ ఇప్పుడు ఆమెకి మేనేజరు. సాయంత్రం మీటింగులు పెట్టి, "మణిగారూ, మినిట్స్ మీరు రాస్తే నీట్‌గా ఉంటుంది. టీ కూడా కొంచెం చెప్పేయండి" అనడం అతనికి అలవాటు. ఆమె బ్యాగ్ భుజాన వేసుకుని నిలబడితే, "ఇంట్లో ఎవరికి బాలేదు, అత్తగారికా?" అని అడిగాడు. అత్తగారికనే అనొచ్చు, అందరూ అయ్యో అంటారు.

"పిల్లికి. ఇన్సులిన్ వెయ్యాలి" అంది.

గదంతా నవ్వింది. నవ్వు సద్దుమణిగే దాకా ఉండకుండా ఆమె మెట్లు దిగింది. మెట్రోలో నిలబడి ఉండగా తెలిసింది, ఆ నవ్వు తనకి తగల్లేదని. ఒక ప్రాణి తన కోసం గుమ్మంలో కూర్చుని ఉంటుందన్న సంగతి ముందు అది చాలా చిన్నగా అనిపించింది. సికింద్రాబాద్ ఈస్ట్‌లో దిగి, పరుగులాంటి నడకతో షేర్ ఆటో ఎక్కింది.

ఇంట్లో మాటలు వేరుగా ఉండేవి. "అలిసిపోయి ఇంటికొస్తే మంచినీళ్ళిచ్చే దిక్కు లేదు, ఆవిడ తలుపేసుకుని పిల్లితో ఉంటుంది" అని ప్రభుదాస్ తల్లితో అనేవాడు, గదిలోకి వినిపించేలా. "మా కాలంలో పురిటికి తప్ప తలుపులు వేసుకోలేదమ్మా" అని ఆవిడ అందుకునేది. సూది వేశాక పక్కన కూర్చునే ఆ కాసేపట్లో మొదట్లో జ్ఞానమణి లోపల పనులు తిరుగుతుండేవి. నానబెట్టాల్సిన శనగలు, ఇస్త్రీకి ఇవ్వాల్సిన చొక్కాలు, అత్తగారి కషాయం. రాన్రాను ఒక్కొక్కటీ జారిపోయాయి. గోడ మీద వెలుగు రంగు మారడం చూసేది. ఎక్కడో పక్కింటి కుక్కర్ కూత వినేది. తన ఊపిరి తనకు వినిపించేది. ఆ కూత తనని పిలవడం లేదు కదా అనుకుంటే ఒళ్ళు పులకరించేది. పెళ్ళయ్యాక, స్నానం చేసే కాసేపు తప్ప, ఎవరూ పిలవని సమయం ఆమెకి లేదు. స్నానాల గదిలోకి కూడా పిలుపులు వచ్చేవి.

ఒకరోజు తలుపు కొంచెం తెరుచుకుంది. మార్తమ్మ గడప అవతల నిలబడి, సూది లోపలికి వెళ్ళడం మొత్తం చూసింది.

"నీకు భయం వెయ్యదా అమ్మాయ్?" అంది గొంతు తగ్గించి.

"వేసేది అత్తయ్యా. ఇప్పుడు లేదు."

మార్తమ్మ గది లోపలికి, ఖాళీ నేలకేసి, కిటికీకేసి చూసింది. "ఇక్కడ చల్లగా ఉందే" అని తలుపు తనే దగ్గరకి వేసి వెళ్ళిపోయింది.

వానాకాలం మొదట్లో ఒక ఆదివారం పెద్ద గండం వచ్చింది. పొద్దున సూది పడ్డాక బన్ను తిన్నదంతా కక్కేసింది. చర్చికి చీర కట్టుకుంటున్న జ్ఞానమణి వెనక ఏదో పడిన చప్పుడైతే తిరిగి చూసింది. బన్ను తాగినవాడిలా తూలుతూ రెండడుగులు వేసి, పక్కకి ఒరిగి, కళ్ళు తెరిచే ఉండి దేన్నీ చూడడం మానేసింది. కింద ప్రభుదాస్ కారు హారన్ కొట్టాడు. మళ్ళీ కొట్టాడు. "మణీ, ఆరాధన మొదలైపోతుంది."

ఆమె కిటికీలోంచి "మీరు వెళ్ళండి" అంది. వేరే మాట లేదు.

షుగర్ పడిపోతే ఏం చెయ్యాలో యోగిత ముందే చెప్పి ఉంచింది. ఫోన్ స్పీకర్లో పెట్టి, తేనె వేలికి రాసుకుని బన్ను చిగుళ్ళకి పులిమింది. చిగుళ్ళు చల్లగా, తెల్లగా ఉన్నాయి. "కొంచెం కొంచెం రాయండి ఆంటీ, నోట్లో పోయకండి, మింగలేదు. ఆపొద్దు. నేను లైన్లనే ఉన్న." సగం కట్టిన చీర కుచ్చెళ్ళు నేల మీద జారిపోయాయి. ఆమె ప్రార్థన చేద్దామనుకుంది, ఒక్క మాటా రాలేదు. వేలే ప్రార్థనలా కదులుతూ ఉంది. ఎంతసేపటికో నాలుక కొస కదిలింది. ఆమె వేలి మీది తేనెని ఒకసారి నాకింది, ఆగింది, మళ్ళీ నాకింది. కళ్ళలోకి చూపు వెనక్కి వచ్చింది. ఎక్కడికి పోయి వచ్చిందో, ఎవరు పంపారో గానీ, ఆ చూపు తిన్నగా వచ్చి ఆమె ముఖం మీద వాలింది. గదిలో గాలి కూడా నిలబడి చూస్తున్నట్టు అనిపించింది జ్ఞానమణికి. ఎన్నో ఆదివారాలు బల్లల మీద కూర్చుని పాడిన పాటల్లో ఆమె వెతికింది ఇదేనా? ప్రాణం పోవడం ఆమె చూసింది, తల్లి దగ్గర, మామగారి దగ్గర. తిరిగి రావడం ఇదే చూడడం. అది ఆమె వేలి మీదుగా నడిచి వచ్చింది.

"వచ్చిందా?" అంది ఫోన్లో యోగిత.

"వచ్చింది" అంది. అప్పుడు ఏడ్చింది.

ఆ తర్వాత యోగిత మోతాదు తగ్గించింది, మరి కొన్నాళ్ళకి ఇంకా తగ్గించింది. చలి మొదలవుతుండగా ఒక శనివారం మధ్యాహ్నం, చెవి చుక్క చూసి మిషన్ని రెండోసారి పెట్టి చూసి, నవ్వింది. "ఇంక సూది అవసరం లేదు ఆంటీ."

జ్ఞానమణికి అర్థం కాలేదు. "షుగర్ తగ్గదు కదా, జీవితాంతం ఉంటుంది కదా?"

"మనుషులకి ఒక తీరు, పిల్లులకి ఒక తీరు. కొన్నిటికే ఇట్ల అయితది. ఇన్సులిన్ తయారు చేసేది లోపల ఉంటది కదా, అది చేసీ చేసీ అలిసిపోయి పడిపోయింది. చచ్చిపోలేదు. మీరు బయట్నుంచి ఇస్తుంటే దానికి రెస్ట్ దొరికింది. రెస్ట్ దొరికేసరికి మళ్ళీ పని షురూ చేసింది. మళ్ళీ రావొచ్చు సుత, అప్పుడప్పుడు తెచ్చి చూపియ్యండి."

"ఇంకోసారి చెప్పండి డాక్టర్."

"ఏది ఆంటీ?"

"అలిసిపోయింది, చచ్చిపోలేదు అన్నారే. అది."

యోగిత ఆమె ముఖంలోకి చూసి మళ్ళీ అదే మాట నెమ్మదిగా చెప్పింది.

ఆటోలో బుట్ట ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న జ్ఞానమణికి దారిలో ఏదీ కనిపించలేదు. ఆ కొంచెం మందు దేన్నీ బాగు చెయ్యలేదట. బరువు కాస్త దించిందట, అంతే. లోపల చీకట్లో, ఎవరూ చూడని చోట, పడిపోయిన పని తనంతట తను లేచి కూర్చుందట. ఎవరు పుట్టించారో గానీ ఎంత ఓర్పుగా పుట్టించారు ఒంటిని అనుకుంది. అరిచి, దెప్పి, నువ్వింతేనని తేల్చేసి కాదు, కాసేపు ఊరికే ఉండనిస్తే అది లేస్తుంది. బుట్టలోంచి బన్ను పంజా బయట పెట్టి ఆమె కొంగు పట్టుకుంది.

ఆ సాయంత్రం కబురు విని ప్రభుదాస్ నిజంగానే సంతోషించాడు. బన్ను తల నిమిరాడు కూడా. "హమ్మయ్య, పీడ వదిలింది. నువ్వెలాగూ ఖాళీ అవుతావని ఇందాకే పాస్టరుగారికి ఫోన్ చేసి చెప్పేశాను, బుధవారం సాయంత్రం ప్రార్థన కూడిక ఇకనుంచి మనింట్లోనే అని. ఏడింటికి. ఎక్కువేం వద్దు, అందరికీ టిఫిన్, టీ చేస్తే చాలు. ఇవాళ కూడా త్వరగా వడ్డించెయ్, రోజూ నీ సూది కోసం ఆకలితో చచ్చాం."

"కూడిక పెట్టుకోండి" అంది జ్ఞానమణి. "టిఫిన్ సంగతి మీరే చూసుకోండి. ఇవాళ్టి అన్నం, కూర స్టవ్ పక్కనే ఉన్నాయి."

గోడ గడియారం ఏడు చూపిస్తోంది. ఆమె చేతులు తుడుచుకుని వెనక గది వైపు నడిచింది. బన్ను తోక నిలబెట్టి ముందు నడిచింది.

"మళ్ళీ ఎక్కడికి?" అన్నాడు ప్రభుదాస్. ఆయన గొంతులో కోపం కంటే అయోమయమే ఎక్కువగా ఉంది. "దానికి తగ్గిపోయిందన్నావుగా."

సోఫాలో మార్తమ్మ రిమోట్ తీసుకుని టీవీ సౌండ్ పూర్తిగా తగ్గించింది.

జ్ఞానమణి తలుపు మీద చెయ్యి వేసి వెనక్కి తిరిగింది.

"దానికి తగ్గింది" అంది. "నాకింకా తగ్గలేదు."