లారీ ఎక్కనివాళ్లు

లాల్‌ఖదాన్ దగ్గర కొత్త రైలు లైను పక్కన సిగ్నల్ కేబుల్ లాగుతూ లాగుతూ సింహాచలం కూలబడిపోయాడు. నడినెత్తిన ఎండ. వారాల తరబడి ఆ జట్టులో ఎవరికీ సెలవు లేదు.

"నీడలో పడేయండి. పని ఆగకూడదు. రేపే లైను ప్రారంభం!" కాంట్రాక్టరు మేనేజర్ అరిచాడు.

పడేశారు. మోసుకెళ్లింది తోటివాళ్లే. టార్పాలిన్ నీడలో పడుకోబెట్టి, వెనక్కొచ్చి కేబుల్ పట్టుకున్నారు. సైటు ఇంజనీరు ప్రసూన చూపు తిప్పుకుంది. "లాగండ్రా, లాగండి" అంటూ జట్టును నడిపే మేట్ నూకరాజు గొంతు పెంచాడు. పని ముగిశాకే ఆసుపత్రి గుర్తొచ్చింది.

ప్రారంభోత్సవం అయిన మర్నాడు సిర్గిట్టిలోని కంపెనీ గోడౌన్‌లో షామియానా, లడ్డూలు. జట్టు అలసట తీర్చడానికని కంపెనీ యోగా గురువును పిలిపించింది.

"కళ్లు మూసుకోండి. ఊపిరితో పాటు అలసటనూ వదిలేయండి," అన్నాడాయన హిందీలో.

కొందరు కూర్చున్నచోటే నిద్రలోకి జారిపోయారు.

ఆయన అటు వెళ్లాడో లేదో మేనేజర్ చప్పట్లు కొట్టాడు. "అచ్ఛా, అందరూ ఫ్రెష్ కదా? చలో, లారీ ఎక్కండి. కర్గీ రోడ్ స్టేషన్‌లో పని మొదలు."

అప్పుడే సింహాచలం భార్య మంగాయమ్మ గేటు దాటి వచ్చింది. అరుస్తుందనుకున్నారు.

"ఆడికి తెలివొచ్చింది. లెగిస్తే కాళ్లు నిలబడ్డం లేదు," అంది మెల్లగా. "ఒక్క మాట అడగాలని వచ్చినాను. పడిపోయినప్పుడు ఆడి పక్కన ఎవులు కూకున్నారు?"

ఒక్కొక్కరి మొహమే చూసుకుంటూ వచ్చింది.

"మీరంతా ఉన్నారన్న ధైర్నంతోనే పంపినాను, బాబూ."

నోట్లో లడ్డూ ఉన్నవాళ్లు మింగలేక, ఉమ్మలేక తలలు దించుకున్నారు. ఒకరి మొహం ఒకరు చూసుకోలేకపోయారు.

"మనం ఎక్కకపోతే ఇంకోల్ని తెస్తారు," అన్నాడు బంగార్రాజు, జట్టులో పెద్దవాడు.

"తెస్తారు. ఆల్లూ పడిపోతారు," అన్నాడు నూకరాజు. "మేట్లు నాలాగే లాగమని అరుస్తారు. ఏటి బతుకిది? తోటోడిని కుక్కలా ఒగ్గీసి వచ్చినాం!"

"పని ఆపే అధికారం నాకుంది," అంది ప్రసూన. "ఉద్యోగం పోతుందని ఆపలేదు. ఇప్పుడు ఆపుతున్నాను."

"మీరొక్కరే ఆపితే మిమ్మల్ని తీసేస్తారు మేడమ్. అందరం ఆపాల," అన్నాడు బంగార్రాజు.

వాదించుకున్నారు. ఇంటి అద్దె గురించి, పిల్లల చదువు గురించి భయపడ్డారు. చివరికి ఒక మాట మీదికొచ్చారు: వారానికో సెలవు కావాలి, నడిఎండలో పని బంద్ కావాలి, ఎవరు పడిపోయినా పని ఆగాలి. అంతదాకా లారీ ఎక్కేది లేదు. ఆసుపత్రిలో సింహాచలం పక్కన ఉండడానికి వంతులు వేసుకున్నారు. మిగిలినవాళ్లు మేనేజర్ కళ్లెదుటే గోడౌన్ నేల మీద ఒళ్లు వాల్చారు. కంపెనీ ఇవ్వని విశ్రాంతిని వాళ్లే తీసుకున్నారు.

మేనేజర్ ఫోన్ చేస్తే పోలీసులొచ్చారు. "లీడర్ కౌన్ హై?"

నూకరాజు లేచాడు. "లాగమని అరిచిందీ నేనే. ఇప్పుడు ఆపమన్నదీ నేనే."

అతన్ని జీపెక్కించారు. లారీ మాత్రం ఎవరూ ఎక్కలేదు.

సాయంత్రం ఆసుపత్రిలో మొదటి వంతువాళ్లు మంచం చుట్టూ నిలబడ్డారు. సింహాచలం కళ్లలోకి చూసే ధైర్యం ఎవరికీ లేదు.

"డూటీ లేదేటి?" అన్నాడతను నీరసంగా.

"ఆపీసినాం."

"నూకరాజేడి?"

"ఠాణాలో."

సింహాచలం మంచం పట్టీ పట్టుకుని కాళ్లు కిందికి దించబోయాడు. బంగార్రాజు అతని భుజాలు పట్టి వెనక్కి పడుకోబెట్టాడు. పక్కనే స్టూలు లాక్కుని ప్రసూన కూర్చుంది.

"నువ్వు పడుకో," అన్నాడు బంగార్రాజు. "ఠాణాకి మేం ఎల్తాం."